పల్లె చరిత్ర రాసే పద్ధతి: చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఊళ్ళ కోసం

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నవారిలో ఎక్కువమంది మొదటి పేజీలోనే ఊరి పేరు వెనుక ఉన్న కథ చెప్పేస్తారు. ఫలానా ముని ఇక్కడ తపస్సు చేశాడనో, ఫలానా రాజు వేటకు వచ్చి ఇక్కడ మజిలీ చేశాడనో ఆ కథ సాగుతుంది. ఆ కథను వదులుకోవలసిన పని లేదు, అది కూడా ఊరి ఆస్తే. అయితే పేరుకు కథ చెప్పే ముందు ఆ పేరు పాత కాగితాల మీద, రాళ్ళ మీద ఎలా ఉందో చూడాలి. ఆ కాగితాలు దొరకాలంటే ఊరు ఏ కాలంలో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో తెలియాలి. జనాభా లెక్కలు అర్థం కావాలంటే ఊరి పొలిమేర ఎక్కడిదాకా ఉందో తెలియాలి. అందువల్ల పేరును కాస్త ఆపి, పొలిమేరతో పని మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

ఊరు అంటే ఏది?

మనం నోటితో ‘మా ఊరు’ అనేదీ, రెవెన్యూ శాఖ గ్రామం అనేదీ, పంచాయతీ అనేదీ మూడు వేర్వేరు సంగతులు. రెవెన్యూ గ్రామమంటే ఒక పొలిమేర, ఒక సర్వే నెంబర్ల వరుస, తాలూకా జాబితాలో ఒక నెంబరు ఉన్న భూభాగం. దానిలో ఒక పెద్ద ఊరు, దాని చుట్టూ అయిదారు మజరాలు, అంటే శివారు పల్లెలు, ఉండవచ్చు. ఎగువ పల్లె, దిగువ పల్లె, దళితవాడ, కొత్తగా వెలిసిన కాలనీ అన్నీ ఒకే రెవెన్యూ గ్రామంలో ఉండవచ్చు. పంచాయతీలో ఒక్కోసారి రెండు మూడు రెవెన్యూ గ్రామాలు కలుస్తాయి, ఒక్కోసారి ఒక పెద్ద రెవెన్యూ గ్రామమే రెండు పంచాయతీలుగా చీలుతుంది. జనగణన లెక్కలు రెవెన్యూ గ్రామం పేరు మీద ఉంటాయి, ఓటర్ల జాబితా పోలింగ్ కేంద్రాన్ని బట్టి ఉంటుంది, బడి రిజిస్టర్లు మజరా పేరుతో ఉంటాయి. ఈ తేడాను గమనించకుండా లెక్కలన్నీ ఒకే పట్టికలో పెడితే, లేని పెరుగుదలా లేని తరుగుదలా కనబడతాయి.

కాబట్టి పుస్తకం మొదటి పేజీలో మీ ఊరి రెవెన్యూ గ్రామం పేరు, దాని నెంబరు, దానికి చేరిన మజరాల పేర్లు, చుట్టూ ఉన్న గ్రామాల పేర్లు రాసుకోవాలి. నెంబరు ఎందుకంటే, మన జిల్లాలో కొత్తపల్లె, రామాపురం, వెంకటాపురం వంటి పేర్లు ఎన్నో చోట్ల ఉన్నాయి. పాత రిజిస్టరులో పేరు ఒక్కటే చూసి పట్టుకుంటే పొరుగు మండలపు ఊరి చరిత్ర మీ పుస్తకంలోకి వచ్చేస్తుంది. గ్రామ సచివాలయంలో సర్వేయరును అడిగితే గ్రామ పటం చూపిస్తారు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నెంబర్లకు బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నెంబర్లు వచ్చాయి గనుక, పాత నెంబరు, కొత్త నెంబరు రెండూ పక్కపక్కన ఉన్న జాబితా ఇప్పుడే సంపాదించుకోవడం మంచిది. పాత దస్తావేజులన్నీ పాత నెంబర్లతోనే ఉంటాయి, ఆ జాబితా లేకపోతే అవి ఏ చేను గురించి చెబుతున్నాయో కొన్నేళ్ళ తరువాత పోల్చుకోవడం కష్టం.

జిల్లా ఎన్నిసార్లు మారిందో తెలుసుకోవాలి

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి వచ్చాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి పోయింది, దానికి మారుగా చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు అందులో కలిశాయి. మదనపల్లె, పీలేరు వైపు ఊళ్ళు అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళాయి.

ఈ తేదీలు కాగితాలు ఎక్కడ వెతకాలో చెబుతాయి. చంద్రగిరి పక్క పల్లె గురించి 1890ల నాటి సమాచారం కావాలంటే ఉత్తర ఆర్కాటు రికార్డులు చూడాలి, అవి చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు రాష్ట్ర ప్రాచీన పత్రాగారంలో ఉంటాయి. వాయల్పాడు వైపు ఊరైతే కడప జిల్లా రికార్డులు, సత్యవేడు వైపు ఊరైతే 1960కి ముందు చెంగల్పట్టు రికార్డులు, వెంకటగిరి వైపు ఊరైతే 2022 దాకా నెల్లూరు రికార్డులు చూడాలి. తిరుపతి జిల్లా అన్న పేరుతో పాత జాబితాల్లో వెతికేవారికి ఏమీ దొరకదు.

మరొక ముఖ్యమైన విషయం జమీందారీ. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు, కంగుంది జమీందారీల కింద ఉన్న ఊళ్ళకు, ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టిన రైత్వారీ ఊళ్ళకు రికార్డుల్లో ఎంతో తేడా ఉంటుంది. రైత్వారీ గ్రామాల్లో పందొమ్మిదో శతాబ్దం నాటి సెటిల్‌మెంటు రిజిస్టర్లు, అంటే ఏ భూమికి ఎంత శిస్తో నిర్ణయించిన పుస్తకాలు, దొరుకుతాయి. జమీందారీ గ్రామాల్లో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే చాలా చోట్ల రైత్వారీ పద్ధతిలో సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. మీ ఊరికి పాత సెటిల్‌మెంటు రిజిస్టరు దొరకకపోతే ఊరు కొత్తదని అర్థం చేసుకోకూడదు. అది జమీందారీలో ఉండేదేమో ముందు విచారించాలి.

ఏ కాగితం ఏమి చెబుతుంది

రీసెటిల్‌మెంటు రిజిస్టరును మనవాళ్ళు ఆర్.ఎస్.ఆర్. అంటారు. తహసీల్దారు కార్యాలయంలో దాని నకలు అడగవచ్చు; మామూలుగా అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. దీనిలో ప్రతి సర్వే నెంబరుకు నంజా (మాగాణి), పుంజా (మెట్ట), పోరంబోకు, ఇనాం (మాన్యం) అన్న విభజన, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. చరిత్ర రాసేవారు పట్టాదారుల కంటే ముందు పోరంబోకు, ఇనాం పద్దుల మీద దృష్టి పెట్టాలి. చెరువు, వంక, శ్మశానం, బాట, నత్తం (ఊరి ఇళ్ళ స్థలం), గుడి ఉన్న చోటు అన్నీ పోరంబోకులో వస్తాయి. ఇప్పుడు ఇళ్ళు లేని చోట నత్తం అని రాసి ఉంటే, ఒకప్పుడు అక్కడ ఊరుండేదని బలమైన అనుమానం పెట్టుకోవచ్చు. ఆ చోటికి వెళ్ళి చూడాలి. దున్నిన నేలలో కుండపెంకులు, బూడిదరంగు మన్ను కనబడితే, రైతులు దానిని పాటిదిబ్బ అనో పాత ఊరు అనో అంటుంటే, ఊరు జరిగిన కథకు కాగితం, నేల, నోటిమాట మూడూ సాక్ష్యం చెప్పినట్టే.

ఇనాం పద్దులు ఊరి సామాజిక చరిత్రకు గని వంటివి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇనాం కమిషన్ ప్రతి మాన్యాన్నీ విచారించి రిజిస్టర్లు రాసింది. ఎవరికి, ఏ సేవకు, ఏ గుడికి, ఎవరు ఇచ్చిన మాన్యమో వాటిలో ఉంటుంది. పూజారి, మంగలి, చాకలి, కుమ్మరి, తలారి, నీరుగంటి (చెరువు నీళ్ళు పంచేవాడు), వెట్టి మాన్యాలను చూస్తే ఆనాడు ఊళ్ళో ఏ వృత్తులవారు ఉన్నారో తెలుస్తుంది. నీరుగంటి మాన్యం ఉందంటే ఊరి చెరువు కింద ఆయకట్టును క్రమంగా పంచుకునే ఏర్పాటు ఉండేదన్నమాట. కరణం, మునసబుల వంశపారంపర్య పదవులు 1984లో రద్దయినప్పుడు రికార్డులన్నీ సక్రమంగా చేతులు మారలేదు గనుక, పాత కరణంగారి కుటుంబం ఊళ్ళో ఉంటే వారిని మర్యాదగా అడిగి చూడడం మంచిది. అటకమీద పాత లెక్కల కట్టలు ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కట్టను తీసుకుపోకూడదు, వాళ్ళ ఎదుటే ఫోటోలు తీసుకుని తిరిగి ఇచ్చేయాలి.

పాత కాగితాల్లో సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1320 అంటే 1910 జూలై నుంచి 1911 జూన్ దాకా. ఫసలీ సంఖ్యను చూసి క్రీస్తుశకం అనుకున్న వ్యాసాలు అచ్చులో వచ్చినవి ఉన్నాయి కాబట్టి ఈ చిన్న లెక్కను నిర్లక్ష్యం చేయకూడదు.

దస్తావేజుల్ని దగ్గరగా చదవడం అలవాటు చేసుకోవాలి. పాత విక్రయ పత్రం చివర ఆస్తి వివరం ఇలా నడుస్తుంది: ఫలానా జిల్లా, ఫలానా రిజిస్ట్రేషను జిల్లా, ఫలానా తాలూకా, ఇన్నవ నెంబరు ఫలానా మౌజే (గ్రామం), ఉరఫ్ ఫలానా, దాని మజరా ఫలానా పల్లెలో చెరువు కింద కయ్యలు (వరిమళ్ళు), తూర్పుకు వంక, దక్షిణానికి ఫలానావారి మాన్యం, పడమటికి బండిబాట, ఉత్తరానికి పాత నత్తం. ఈ నాలుగు దిక్కుల వరుసలోనే ఊరి పటం దాగి ఉంది. ‘ఉరఫ్’ అన్న మాట కనబడితే అక్కడ ఆగి రెండు పేర్లూ రాసుకోవాలి, ఎందుకంటే ఊరికి మరొక పేరు ఉండేదని చెప్పే సాక్ష్యం అంతకన్నా సూటిగా మరెక్కడా దొరకదు. కయ్యలకూ చేలకూ ఉన్న పేర్లు, అంటే గుడికయ్య, కుమ్మరిచేను, దాసరిమాన్యం వంటివి, ఊళ్ళో ఇప్పుడు లేని కుటుంబాలనూ గుళ్ళనూ గుర్తుచేస్తాయి.

ఇవి కాక, కల్నల్ కాలిన్ మెకంజీ కావలి సోదరుల వంటి సహాయకుల చేత సేకరింపజేసిన కైఫీయతులు, అంటే గ్రామాల వృత్తాంతాలు, చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. పూర్వపు కడప జిల్లా గ్రామాలకు, అంటే మదనపల్లె, వాయల్పాడు వైపు ఊళ్ళకు, వీటిని తప్పక వెతకాలి. 1954లో స్థాపించిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థ గ్రంథాలయం, చరిత్ర శాఖలోని సిద్ధాంత వ్యాసాలు దగ్గరలో ఉన్నవారికి మొదటి మెట్టు.

రాళ్ళు

మన ప్రాంతంలో వీరగల్లులు చాలా ఎక్కువ. పశువులను దోచుకుపోయేవారితో పోరాడి చనిపోయినవారికి, ఊరి కోసం ప్రాణం ఇచ్చినవారికి నిలిపిన రాళ్ళివి. బాణులు, వైదుంబులు, నొళంబులు అన్న పాత రాజవంశాల కాలం నాటి వీరగల్లులు ఊరి బయట చింతచెట్టు కిందా చెరువుకట్ట మీదా నిలబడి ఉంటాయి. చాలా చోట్ల జనం వాటికి సున్నం కొట్టి, పసుపు కుంకుమ పెట్టి దేవుడిగా కొలుస్తారు. సున్నం పొరల కింద కత్తి, డాలు పట్టుకున్న మనిషి ఆకారం, దాని పైనో పక్కనో రెండు మూడు పంక్తుల అక్షరాలు మసకగా కనబడతాయి. పొర గీకడం, యాసిడ్ పోయడం, అక్షరాల్లో సుద్ద నింపడం చేయరాదు. ఆ రాయి ఊరివారికి దేవుడు, చరిత్రకు సాక్షి, రెండు విధాలా అది చేయకూడని పని. పొద్దున్నేగానీ సాయంత్రంగానీ ఏటవాలు ఎండలో ఒక పక్క నుంచి ఫోటో తీస్తే అక్షరాల గాట్లు నీడలతో తేలుతాయి. రాత్రిపూట టార్చిలైటు పక్కనుంచి వేసినా అంతే స్పష్టంగా వస్తుంది. ఫోటో, రాయి ఎత్తు వెడల్పులు, ఉన్న చోటు రాసుకుని రాష్ట్ర పురావస్తు శాఖకుగానీ, మైసూరులోని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగానికిగానీ పంపాలి. లిపి తెలియనివారు సొంతంగా చదివి అచ్చువేయడం కంటే, చదవలేదని చెప్పి బొమ్మ మాత్రమే వేయడం మేలు. ఇక్కడి శాసనాలు తెలుగులోనే కాదు, తమిళంలోనూ, కన్నడంలోనూ ఉంటాయి.

ఊళ్ళో రాయి లేకపోయినా ఊరి పేరు వేరే చోట రాయి మీద ఉండవచ్చు. తిరుమల శాసనాల్లో విజయనగర రాజులూ సామంతులూ వ్యాపారులూ స్వామివారికి ఇచ్చిన గ్రామాల పేర్లు ఎన్నో ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆ శాసనాలను సంపుటాలుగా అచ్చువేసింది. వాటి చివర ఉన్న ఊళ్ళ పేర్ల సూచికలో మీ ఊరి పేరును, దానికి దగ్గరి రూపాలను వెతకడం ఒక పూట పని. దొరికితే అయిదు వందల ఏళ్ళ వెనుకటి సాక్ష్యం చేతికి వచ్చినట్టే.

పేరు

ఇప్పుడు పేరు దగ్గరికి వద్దాం. ఒక కాగితం తీసుకుని పేరు యొక్క రూపాలన్నీ కాలక్రమంలో పేర్చాలి: ఇప్పటి రూపం, ఓటర్ల జాబితాలో రూపం, 1951 జనగణన పుస్తకంలో రూపం, ఆర్.ఎస్.ఆర్.లో రూపం, దస్తావేజుల్లో ఉరఫ్ రూపం, కైఫీయతులోనో శాసనంలోనో రూపం, ఊళ్ళో ముసలివారు పలికే రూపం. ఇంగ్లీషు రికార్డుల్లో అక్షరాలు చెదిరిపోయి ఉంటాయి. శ్రీకాళహస్తిని దొరలు కలాస్త్రి అని రాశారు. అందువల్ల ఇంగ్లీషు రూపాన్ని పట్టుకుని అర్థం లాగకూడదు. ముసలివారి నోటి రూపానికి మాత్రం చాలా విలువ ఉంది. బోర్డు మీద ఏమి రాసినా వాళ్ళు చిన్ననాడు విన్నట్టే పలుకుతారు. వాల్మీకిపురం అన్న పేరు బోర్డుల మీద ఉన్నా జనం నోట వాయల్పాడే నిలిచింది కదా. సంస్కృత రూపం ఎక్కువగా తరువాత తొడిగిన చొక్కా, లోపల పాత దేశి పేరు ఉంటుందని అనుమానించి వెతకడం మంచి అలవాటు.

పొట్టి అక్షరాలను విడదీయాలి. బి.కొత్తకోట అంటే బీరంగి కొత్తకోట, ఎస్.ఆర్.పురం అంటే శ్రీరంగరాజపురం, కె.వి.బి.పురం అంటే కుమార వెంకటభూపాలపురం. మీ పల్లె పేరు ముందు అక్షరముంటే అది ఏమిటో పెద్దలనే అడగాలి, రేపటి పిల్లలకు ఆ అక్షరమే మిగులుతుంది.

పేరును రెండు ముక్కలుగా చూడాలి. చివరి ముక్క ఊరు ఎటువంటిదో చెబుతుంది, మొదటి ముక్క దాని గుర్తు చెబుతుంది. మన ప్రాంతంలో చివరి ముక్కల వైవిధ్యం ఎక్కువ, ఎందుకంటే తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసే నేల ఇది. పల్లె, ఊరు, పాడు అందరికీ తెలిసినవే. పాళ్యం అన్నది సైన్యం విడిసిన చోటును, పాలెగాళ్ళ ఏలుబడిని గుర్తుచేస్తుంది, బంగారుపాళ్యం అటువంటిదే. కండ్రిగ అన్నది పెద్ద గ్రామం నుంచి విడదీసి దానంగానో మాన్యంగానో ఇచ్చిన చిన్న భూఖండం. బుచ్చినాయుడు కండ్రిగ వంటి పేరులో పుచ్చుకున్నవారిదో ఇచ్చినవారిదో పేరు నిలిచిపోయింది. ఇటువంటి పేరున్న ఊరికి ఇనాం రిజిస్టరు తప్పక చూడాలి. సముద్రం అన్నది పెద్ద చెరువు. రామసముద్రం, పాలసముద్రం, పెద్దతిప్పసముద్రం వంటి పేర్లున్న ఊళ్ళ చరిత్ర చెరువుకట్ట నుంచి మొదలుపెట్టాలి. కుప్పం చిన్న నివాసాన్ని సూచించే మాట. వెదురుకుప్పంలో మొదటి ముక్క చెట్టు పేరు, రామకుప్పంలో దేవుడిదో మనిషిదో పేరు. వారిపల్లె అని ముగిసే పేర్లలో మొదట స్థిరపడిన కుటుంబం ఇంటిపేరో కులం పేరో ఉంటుంది. ఎగువ, దిగువ, పెద్ద, చిన్న, పాత, కొత్త అన్న విశేషణాలు ఊరు చీలిన చరిత్రను చెబుతాయి. జత ఊరు ఎక్కడుందో, ఇప్పుడు లేకపోతే ఎప్పుడు పాడుబడిందో విచారించాలి.

పేడు, బేడు అన్న తోకను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఏర్పేడు, తొట్టంబేడు మనకు తెలిసిన మండలాలు. ఏర్పేడు మండలంలోనే ఉన్న గుడిమల్లంలో పరశురామేశ్వరాలయం శాసనాలు ఊరిని తిరువిప్పిరంబేడు అని పిలుస్తాయి. అంటే ఆ నేల మీద బేడు అన్న తోక వెయ్యేళ్ళకు పైగా వాడుకలో ఉంది, అదే సమయంలో ఆ ఒక్క ఊరికి మాత్రం పేరు పూర్తిగా మారిపోయింది. గుడిమల్లం అన్న ఇప్పటి పేరును పట్టుకుని ఎంత అర్థం చెప్పినా, శాసనాల కాలంలో ఆ ఊరిని ఎవరూ ఆ పేరుతో పిలవలేదన్న నిజం ముందు ఆ వివరణ కొత్త పేరుకే పరిమితమవుతుంది. పాత రూపం చూడకుండా పేరుకు అర్థం చెప్పరాదని నేను పట్టుబట్టడానికి ఇదే కారణం.

కథలనూ పక్కన పెట్టకూడదు, పక్కపక్కన పెట్టాలి. తిరుచానూరు అన్న పేరును శుకమహర్షితో ముడిపెట్టి స్థలపురాణం చెబుతుంది. శాసనాల్లో తిరుచ్చుకనూరు అన్న రూపం కనబడుతుంది గనుక ఆ కథకు కనీసం పాత ఉచ్చారణ తోడు నిలుస్తుంది. పేరు నుంచి కథ పుట్టిందా, కథ నుంచి పేరు పుట్టిందా అన్నది వేరే ప్రశ్న, దానిని ప్రశ్నగానే రాయాలి. కాణిపాకం విషయంలో కాణి అంటే మాగాణి, పాకం అంటే నీరు పారడం అన్న వివరణ ప్రచారంలో ఉంది. పాక్కం అన్నది మీనంబాక్కం, నుంగంబాక్కం వంటి తమిళ ఊళ్ళ పేర్లలో విరివిగా వచ్చే నివాసవాచకం కూడా అన్న సంగతిని దాని పక్కన చేర్చాలి. రెండింటిలో ఏది సరైనదో తేల్చకపోయినా నష్టం లేదు, ఒక్కదానినే చెప్పి రెండోదానిని దాచడమే నష్టం.

జనం

దేశమంతటా ఒకే సమయంలో జరిగిన మొదటి జనగణన 1881లోది. ఊరివారీ అంకెలు సులువుగా చేతికి వచ్చేది మాత్రం 1951 నుంచి, అప్పటి నుంచి జిల్లా జనగణన పుస్తకాలు వస్తున్నాయి. 1951, 1961, 1971, 1981, 1991, 2001, 2011 అని ఏడు అంకెలు వరుసగా రాసుకోవచ్చు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది, తరువాతి దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. అందువల్ల 2011 తరువాత సంగతులను ఇంటింటి లెక్కతో, బడి చేరికలతో, ఓటర్ల సంఖ్యతో అంచనా వేసి, అది అంచనా అని స్పష్టంగా రాయాలి.

అంకెలను ఊరికే పేర్చితే ఏమీ చెప్పవు. ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 2001లో 37,45,875, 2011లో 41,74,064. పదేళ్ళలో పెరుగుదల 11.4 శాతం. మీ ఊరి పెరుగుదలను దీనితో పోల్చాలి. ఊహకు ఒక ఊరు తీసుకుందాం: 2001లో 312 ఇళ్ళు, 1,410 మంది; 2011లో 338 ఇళ్ళు, 1,325 మంది. జనం 6 శాతం తగ్గారు, ఇళ్ళు మాత్రం పెరిగాయి, ఇంటికి సగటు మనుషులు 4.5 నుంచి 3.9కి దిగారు. దీనిలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి: ఉమ్మడి కుటుంబాలు వేరుపడ్డాయి, వయసులో ఉన్నవారు బయటికి వెళ్ళారు. ఎవరు వెళ్ళారో తెలుసుకోవడానికి ఆడ, మగ అంకెలను విడిగా చూడాలి, ఆరేళ్ళలోపు పిల్లల అంకెను చూడాలి. మగవారు మాత్రమే తగ్గితే కువైట్ వంటి దేశాలకో, భవన నిర్మాణ పనులకో ఒంటరిగా వెళ్ళారని, పిల్లలు కూడా తగ్గితే సంసారాలే బెంగళూరుకో చెన్నైకో తిరుపతికో తరలిపోయాయని ఊహించి, ఆ ఊహను ఊళ్ళో విచారించి సరిచూసుకోవాలి. జనగణన మనుషులను వారు ఉంటున్న చోట లెక్కిస్తుంది గనుక, పండగకు ఊరంతా కళకళలాడినా ఆ మనుషులు అంకెల్లో వేరే ఊరి ఖాతాలో ఉంటారు.

ప్రతి మలుపుకూ కారణం వెతకాలి. చెరువు నిండి మొరవ (అలుగు) పోయిన ఏళ్ళు, వరుస కరువులు, బోర్లు వచ్చి బావులు ఎండిపోయిన కాలం, తారురోడ్డు, రైల్వే స్టేషను, పాల కేంద్రం, బెల్లం గానుగలు మూతబడడం, మామిడి తోటలు పెరిగి వేరుశనగ తగ్గడం, తోటల వల్ల కూలి పని తగ్గడం వంటివి జనాన్ని కదిలిస్తాయి. వెనుకటి కాలంలో కరువులూ అంటురోగాలూ ఊళ్ళను ఖాళీ చేశాయి. 1876-78 నాటి మహాకరువును ధాత సంవత్సరంలో మొదలైనది గనుక ధాత కరువు అంటారు. పెద్దలు ఏ సంవత్సరం పేరు చెప్పినా ఒక జాగ్రత్త అవసరం: అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. ధాత 1876లోనూ 1936లోనూ 1996లోనూ వచ్చింది. చెప్పేవారి వయసు, వారికి ఎవరు చెప్పారన్నది కలిపి చూస్తే ఏ ధాతో తేలుతుంది. జనగణన పుస్తకంలో ఊరి పేరు ఉండి జనాభా సున్నా ఉంటే అది బేచిరాకు గ్రామం. అటువంటిది మీ పక్కన ఉంటే అక్కడివారు ఏ ఊళ్ళకు చేరారో రాసుకోవాలి.

వచ్చినవారి సంగతి వెళ్ళినవారి సంగతంత ముఖ్యం. ఇంటిపేరు వేరే ఊరి పేరైతే ఆ కుటుంబం ఒకప్పుడు అక్కడి నుంచి వచ్చిందనడానికి సూచన. అంతకన్నా గట్టి సూచన ఇలవేల్పు. తలనీలాలకూ మొక్కులకూ ఏ ఊరి గుడికి వెళతారు, ఏటా ఎక్కడ పొంగళ్ళు పెడతారు అని ప్రతి వంశాన్నీ అడిగితే, ఊరికి నాలుగు దిక్కుల నుంచి జనం ఎలా వచ్చారో ఒక పటం తయారవుతుంది. ఇంట్లో తమిళం, ఉరుదూ, కన్నడం మాట్లాడే కుటుంబాలను విడిగా అడగాలి. యానాదుల కుటుంబాలు చాలా కాగితాల్లో ఆలస్యంగా కనబడతాయి, కాగితంలో లేరు గనుక ఊళ్ళో లేరని రాయకూడదు.

పెద్దల మాట

కాగితాలు కొంతైనా చూసిన తరువాతే పెద్దల దగ్గరికి వెళ్ళాలని నా సలహా. అప్పుడు అడిగే ప్రశ్నకు పట్టు ఉంటుంది. ‘ఊరి చరిత్ర చెప్పండి’ అంటే ఎవరైనా తడబడతారు. ‘పెద్దాయనా, ఈ పాత నత్తంలో ఎవరి ఇళ్ళు ఉండేవి?’ అంటే ఒక మధ్యాహ్నమంతా మాట్లాడతారు. రచ్చబండ దగ్గర నలుగురు కూడినప్పుడు వినడం ఒక పద్ధతి, అయితే అక్కడ గట్టి గొంతు ఉన్నవారి కథే నిలుస్తుంది. తలారి ఇంటివారిని, నీరుగంటి ఇంటివారిని, చాకలి, మంగలి, కుమ్మరి కుటుంబాలను, దళితవాడ పెద్దలను వారి వారి ఇళ్ళ దగ్గరే కలవాలి. మంత్రసానిగా పనిచేసిన అవ్వ ఉంటే ఆమెకు మూడు తరాల పుట్టుకలు తెలుసు. వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చిన స్త్రీలు ఊరిని బయటి కళ్ళతో చూసి గుర్తుపెట్టుకున్న సంగతులు చెబుతారు. దళితవాడ నుంచి విన్న ఊరి పుట్టుక కథ, ఊరి నడుమ విన్న కథ వేరుగా ఉంటే రెండూ రాయాలి. ఒకటే అచ్చువేయాలని పెద్దలు ఒత్తిడి చేసినా రెండోదానిని తీసేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఊరి చెరువు తవ్విన చేతులు చాలా వరకు ఆ రెండో కథలోనే ఉంటాయి.

గంగజాతరను, ధర్మరాజుల గుడి దగ్గర జరిగే భారతం ఉత్సవాన్ని తప్పక చూడాలి. ఏ కులంవారు ఏ పని చేస్తారు, కొరడా ఎవరిది, ఏ ఏ పల్లెలవారు చందా వేస్తారు, అర్జునుడి తపస్సు ఘట్టంలో తపసుమాను ఎక్కేది ఎవరు, దుర్యోధన వధ మట్టిబొమ్మ ఎవరు చేస్తారు అన్న వరుస చూస్తే చుట్టుపక్కల ఊళ్ళ మధ్య పాత బంధాలు బయటపడతాయి. ఇప్పుడు వేర్వేరు పంచాయతీల్లో ఉన్న పల్లెలు ఒకే ఉత్సవానికి ఉమ్మడిగా చందా వేస్తుంటే, ఒకప్పుడు అవి ఒకే గ్రామంగా ఉండేవేమో రిజిస్టరులో వెతకాలి.

చెప్పినవారి పేరు, వయసు, తేదీ మీ నోటు పుస్తకంలో ఉండాలి; అచ్చులో వేయడానికి మాత్రం వారి అనుమతి తీసుకోవాలి. కుటుంబాల మధ్య పాత తగాదాలు, భూమి వ్యాజ్యాలు, పెళ్ళిళ్ళ సంగతులు విన్నా అచ్చువేయరాదు.

రాయడం

రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ ఆధారం పక్కనే చెప్పడం ఒక్కటే నియమం. ఆర్.ఎస్.ఆర్.లో ఉంది, ఫలానా ఏటి జనగణనలో ఉంది, పెద్దలు చెప్పారు, మా ఊహ అన్న నాలుగు మాటల్లో ఏదో ఒకటి ప్రతి సంగతికీ అంటుకుని ఉండాలి. మజరాలన్నిటికీ వాటి వాటి పుటలు ఇవ్వాలి. ఊరి పటం, చెరువు, వంక, పాత నత్తం, గుళ్ళు, వీరగల్లులు గుర్తించిన చేతిపటం ఒకటి ఉంటే చాలు. వంశవృక్షాలతో పుస్తకం నింపితే మిగతా ఊరికి చోటుండదు, వాటిని విడిగా పెట్టుకోవచ్చు.

అచ్చు ప్రతులు తీసే ముందు నకలు ఒకటి పంచాయతీ కార్యాలయంలో, ఒకటి బడిలో, ఒకటి దళితవాడలో నెల రోజులు ఉంచి, తప్పులుంటే పెన్సిలుతో అంచుల్లో రాయమని అడగాలి. ఆ అంచుల రాతలను కాగితాలతో సరిచూసి చేర్చిన తరువాత, పూర్తయిన ప్రతిని ఊరి బడికి, జిల్లా గ్రంథాలయానికి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వాలి. ఫోటోలు, గొంతు రికార్డింగులు, రిజిస్టరు నకళ్ళు ఒకే చోట ఉంచకుండా రెండు ఇళ్ళలో రెండు ప్రతులుగా దాచాలి, 2027 జనగణన అంకెలు వచ్చినప్పుడు చేర్చడానికి జనాభా పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంచాలి.